సీసాలో నీళ్ళు, బావిలో నీళ్ళు

ఏడు ఊళ్ళకు మంచినీళ్ళు తాగించినవాణ్ణి నేను. యంత్రం లేదు, భూగర్భ శాస్త్రజ్ఞుడు లేడు, చేతిలో వేపపుల్ల కూడా లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం స్వర్ణముఖి ఇసుకలో చెప్పులు విడిచి నిలబడ్డాను. అరికాళ్ళతోనే నీటి జాడ తెలుసుకుని "ఇక్కడ తవ్వండి" అన్నాను. తవ్వారు. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు ఊరాయి.

ఈ మాట పెళ్ళిపందిళ్ళలో, రైళ్ళలో, పెన్షన్ ఆఫీసు వరసలో చాలాసార్లు చెప్పాను. చెప్పిన కొద్దీ ఊళ్ళు పెరిగాయి. నిజానికి నాలుగే. ఆ నాలుగింటిలో ఒకటి ఊరు కూడా కాదు, రైలు గేటు పక్కన పదకొండు ఇళ్ళు. ఇక అరికాళ్ళ సంగతి. మే నెలలో ఆ ఇసుక మీద చెప్పులు విడిచినవాడు తెలుసుకోగలిగింది ఒక్కటే, చెప్పులు ఎంత దూరంలో ఉన్నాయని.

నీటి సరఫరా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. ఒక బావి సంగతి ఉంటుంది. ఆ ఒక్క బావి దగ్గర నేర్చుకున్నంత మిగతా ఉద్యోగమంతా కలిపి నేర్చుకోలేదు.

ఉద్యోగం అంటే ఏమిటి

డెబ్భైల చివర నేను సమితిలో తాగునీటి పనుల సూపర్‌వైజర్ని. తిరుపతి, శ్రీకాళహస్తి మధ్య ఏటిగట్టు పల్లెలు నా కింద ఉండేవి. నీళ్ళు కనిపెట్టడమే మా పని అని జనం అనుకునేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు. కానీ నీళ్ళు ఎక్కడున్నాయో ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ తెలుసు. రోజూ నెత్తిన మోసేది ఆమే. మేము తేల్చవలసింది వేరే. ఆ నీళ్ళను ఊరిదాకా తేవడానికి ఎంతవుతుంది, మోటారు రోజుకు ఎన్ని గంటలు తిరగాలి, ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు. ఈ మూడింటికీ జవాబు దొరికిన చోట పథకం నడుస్తుంది. దొరకని చోట ట్యాంకు మీద కాకులు వాలతాయి.

మా నాలుగు ఊళ్ళకూ కలిపి ఒకటే పథకం. ఏట్లో ఒక బావి, గట్టు మీద మోటారు గది, మధ్య ఊళ్ళో ఎత్తైన ట్యాంకు, అక్కణ్ణించి వీధి కుళాయిలు.

స్తంభాల పిచ్చి

మా పై ఇంజినీరు డి.ఇ. గారు నిజాయితీపరుడు. కాంట్రాక్టరు తెప్పించిన సోడా కూడా ముట్టేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా కరెంటు స్తంభాలు. కొత్త పథకం చూడటానికి వస్తే ఏటివైపు తిరిగేవాడు కాదు. ముందు తల పైకెత్తి తీగలు చూసేవాడు.

"ఆఖరి స్తంభం ఏది? అక్కణ్ణించి నువ్వు చెప్పే బావికి ఎన్ని స్తంభాలు పడతాయి?"

ఒకటీ పట్టదు అంటే భుజం తట్టేవాడు. పది పడతాయంటే జీపెక్కేవాడు. మా రోజుల్లో బావులు నీళ్ళున్న చోటు చూసుకుని పడలేదు, స్తంభాలున్న చోటు చూసుకుని పడ్డాయి. అలాగని ఆయన్ని తిట్టలేను. ఒక్కో స్తంభానికీ అయ్యే ఖర్చు ఇంకో వీధికి కుళాయి. అది ఆయనకు తెలిసినంత బాగా నాకు తెలియదు.

మా ఏటిబావికి రెండు చోట్లు అనుకున్నాం. ఒకటి ఎగువన, ఏరు మెలిక తిరిగే చోటికి పైన. అక్కడికి పదిహేను స్తంభాలు వేయాలి. మంజూరైన డబ్బులో ఆ ఖర్చు ఎలాగో సరిపోయేది. రెండోది రోడ్డు ఏటిని ఆనుకునే చోట, దక్షిణపు గట్టు కింద. స్తంభం అక్కడే నిలబడి ఉంది. ఏ చోటు ఖాయమైందో మీకు చెప్పనక్కర్లేదు. నేను కూడా ఆనందంగా తలూపాను. మెలిక దగ్గరికి నడిచి వెళ్ళాలి, ఇక్కడైతే బస్సు ఆగుతుంది.

ఆ దక్షిణపు గట్టున ఒక చిన్న వంక ఏట్లో కలిసేది. వానలప్పుడు తప్ప పారేది కాదు, తక్కిన రోజుల్లో ఉత్త రాళ్ళు. చౌడు నేలల మీదుగా వచ్చే వంక అది. దాని వంక మేమెవరమూ చూడలేదు.

ముందు ఒక గుంత తవ్వి చూశాం. నీళ్ళు దండిగా ఊరాయి. సీసాలో నమూనా పట్టి ల్యాబుకు పంపాను. "తాగడానికి యోగ్యం" అని కాగితం వచ్చింది. సిమెంటు వరలు దించాం. లోపల ఇసుక తోడుతుంటే వర తన బరువుకు తానే దిగుతుంది. ఎన్నిసార్లు చూసినా చూడబుద్ధయ్యే పని అది. మోటారు బిగించాం, ట్యాంకు నింపాం, దండలు వేయించుకున్నాం. పంపు ఆపరేటరుగా ఆ గట్టు మీది ఊరివాడే, ఆయిలింజన్లు బాగుచేసే కోదండం కుదిరాడు.

ఉడకని పప్పు

మార్చి వచ్చేసరికి కోదండం మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మోటరు బాగుండాది సార్. ట్యాంకు నిండుతా ఉండాది. నీళ్ళే ఎవురూ తాగేది లేదు."

"తాగకుండా ఏం చేస్తున్నారు?"

"ఎనుములు కడుగుతా ఉండారు. తాగేదానికి, వండుకునేదానికి ఎప్పట్లానే ఏటికి పోతా ఉండారు."

"బర్రెలు కడగడానికా? ఎందుకట?"

"మా ఇంటిదాన్నే అడగండి సార్. నేను మన బావి మంచిదంటే కూడు పెట్టేది లేదంటా ఉండాది."

వెళ్ళి అడిగాను. ఆమె పొయ్యి మీది కుండ దించి నా ముందు పెట్టింది.

"పొద్దున పెట్టింది సారూ ఈ పప్పు. మద్దేనమైంది. గులకరాళ్ళ మాదిరి ఉండాది సూడండి. మీ ట్యాంకు నీళ్ళు ఒక కడవ తీసకపోయి మీ ఇంట్లో వండమనండి. సాయంత్రానికి మిమ్మల్ని గూడా ఈదిలో నిలబెడతారు."

సర్పంచి ఇంకో రకంగా చెప్పాడు. "తాగని నీళ్ళకు కరెంటు బిల్లు నేనెట్ల కట్టేదప్పా? ఎనుముల పేరన రసీదు రాయమంటావా?"

నవ్వాను గానీ, తరువాత జరిగేది లెక్క వేసుకున్నాను. పంచాయతీలు బిల్లు ఆపేస్తే కనెక్షన్ కోసేస్తారు. అదీ నడి ఎండాకాలంలో. అప్పటికి ఏట్లో నీళ్ళు మనిషి లోతుకు దిగిపోతాయి. బిందె పట్టుకుని ఆడవాళ్ళు ఇసుక గుంతల్లోకి దిగాలి. గుంత కూలితే లోపలి మనిషి లోపలే. అలా జరిగిన ఊరు కూడా నా కిందే ఉంది.

ల్యాబు కాగితం తీసి మళ్ళీ చదివాను. యోగ్యం. కాగితం యోగ్యమంటుంది, కుండ కాదంటుంది. ఆ ఉద్యోగంలో మొదటిసారి నాకు నిద్రకన్నా ఎక్కువ ఇష్టమైన విషయం దొరికింది.

చెంగమ్మ చెలమ

మరునాడు బావి దగ్గర కూర్చుని, కడవలు ఎటు పోతున్నాయో చూశాను. అందరూ మా బావిని దాటుకుని ఏటి మధ్యకు నడుస్తున్నారు. ఎక్కువ దూరం కాదు, ఎనభై అడుగులు. అక్కడ చాకిరేవు ఉంది. రెండు కుటుంబాలవాళ్ళు తాతల నాటి నుంచి అక్కడే బట్టలుతుకుతారు. రేవు పక్కనే చెలమ. ఇసుకలో చేతులతో తోడిన గుంత. మొదట ఊరిన బురద నీళ్ళు పారబోసి, తేటపడేదాకా ఆగి ముంచుకుంటారు. రోజూ తెల్లవారేసరికి ఆ చెలమ తోడేది చెంగమ్మ. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఏటి అవతలికి వినపడేది.

చెలమ దగ్గర ఒక మర్యాద ఉంది. తోడిన మనిషి అక్కడే ఉంటే చెంబు నిలబెట్టి ఉంటుంది, అడిగి తాగాలి. ఇంటికి పోతే చెంబు బోర్లించి పోతుంది, అప్పుడు ఎవరైనా అడగకుండా ముంచుకోవచ్చు. ఇది ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పరు.

"ఇంత దూరం నడిచే బదులు ఆ బావి పక్కనే తోడుకోవచ్చు గదమ్మా?" అన్నాను.

"ఆడ నురగ రాదు సారూ" అంది.

"నురగేమిటి?"

ఆమె నా చెయ్యి పట్టుకోకుండానే నా అరచేతిలో సబ్బుముక్క పడేసింది. చెలమ నీళ్ళు పోసింది. "రుద్దు."

మణికట్టుదాకా నురగ.

"ఇప్పుడు పోయి నీ బావికాడ రుద్దుకో. సెయ్యి అరిగిపోవాల్సిందే, నురగ మాత్రం రాదు."

పోయి రుద్దాను. చెయ్యి అరిగింది.

ఒకే ఏరు, ఒకే ఇసుక, రెండు నీళ్ళు. ఆ ఎండు వంక లోపల్లోపల ఇంకా పారుతూనే ఉంది. చౌడు నేల ఉప్పును మోసుకొచ్చి, ఇసుక కిందే, దక్షిణపు గట్టును పట్టుకుని పోతోంది. పైనుంచి వచ్చే ఏటి నీళ్ళు నడిమధ్యన వాటి దారిన అవి పోతున్నాయి. ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోని దాయాదుల్లాగా. ఆ గీత ఎక్కడుందో నాకు తెలిసి తీరాలనిపించింది.

ఏట్లో ఆరు కుండలు

డి.ఇ. గారికి సబ్బు నురగ చూపిస్తే లాభం లేదు. ఆయన కాగితం చూపించు అంటాడు. కాగితానికి ఎదురు నిలిచేది ఒక్కటే, నోట్లో పెట్టుకునేది. అందుకని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వరసగా ఆరు చెలమలు తోడించాను. ఆరు కుండలు, ఒకే కొలత కందిపప్పు, ఒకే రకం కంపకట్టెలు, ఒకేసారి నిప్పు. ఈ పరీక్ష నేను కనిపెట్టిందే. సరే, పప్పు కోదండం భార్యది, నీళ్ళ తేడా చెంగమ్మది. వరసలో పెట్టడం మాత్రం నాది. అది ఎవరికీ ఇవ్వను.

గంటలో జనం చేరారు.

"ఏమప్పా, సారుకు ఉద్యోగం పాయనా? ఏట్లో కూటి ఓటలు పెట్టినాడే!"

"ఓటలు కాదురా, పెండ్లి. మన బావికీ, ఆ వంకకూ."

ఆ నవ్వుల మధ్య జీపు చప్పుడైంది. డి.ఇ. గారు ఇసుకలో బూట్లు కూరుకుపోతూ వచ్చి నిలబడ్డారు.

"ఏమిటయ్యా ఇది?"

"నీటి పరీక్ష సార్."

"పరీక్షకు తాలింపు కూడా వేస్తావా?"

"నెగ్గిన కుండకు మాత్రమే సార్."

ఆయన నవ్వలేదు. చేతులు కడుక్కుని, దక్షిణపు గట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో కుండలోంచి పప్పుగింజ తీసి వేళ్ళ మధ్య నలిపారు. మొదటిది రాయి. రెండోది రాయి. మూడోది పైన మెత్తన, లోపల గట్టి. నాలుగోది, చెంగమ్మ చెలమ నీళ్ళది, వేళ్ళ మధ్య వెన్నలా జారింది. అయిదు, ఆరూ అంతే. ఆయన మళ్ళీ నాలుగో కుండ దగ్గరికి వచ్చి ఇంకో గింజ నలిపారు. తరువాత తలెత్తి స్తంభం వైపు చూశారు.

"మరి రిపోర్టు బాగుందిగా?"

"బాగుంది సార్."

"అయితే ల్యాబువాడు తప్పు చేశాడు."

"అయి ఉండొచ్చు సార్" అన్నాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ల్యాబువాడు ఏ తప్పూ చేయలేదు. నమూనా పట్టిన రోజు మా గుంతలో నీళ్ళు బురదగా ఉన్నాయి. బురద సీసాలు పంపితే ల్యాబు వెనక్కి కొడుతుంది, అంతకు ముందు రెండుసార్లు కొట్టింది. తేటపడేదాకా ఆగుదామంటే నా బస్సు వెళ్ళిపోతుంది. కూలీలు సద్ది తిని, ఏటి మధ్యన చెలమ దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. వాళ్ళ వెంటే వెళ్ళాను. అద్దంలాంటి నీళ్ళు. పక్కన సత్తు చెంబు నిలబెట్టి ఉంది. ముంచి సీసా నింపాను, బిరడా కొట్టాను, మా బావి పేరు రాసి చీటీ అంటించాను. కూలీలు తప్ప చుట్టుపక్కల ఎవరూ లేరు. ఏటి నీళ్ళు ఏటి నీళ్ళే కదా అనుకున్నాను.

ఆ రిపోర్టులో ప్రతి అక్షరమూ నిజం. కాకపోతే అది చెంగమ్మ చెలమకు వచ్చిన రిపోర్టు. ఈ సంగతి డి.ఇ. గారికి ఆయన రిటైరయ్యేదాకా చెప్పలేదు. రిటైరయ్యాకా చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఇంకేం గుర్తుంచుకున్నా లేకున్నా, సీసా మీది చీటీ ఎవరి చేతిరాతో, లోపలి నీళ్ళు ఎక్కడివో మీ కళ్ళతో చూడకుండా ఏ కాగితాన్నీ నమ్మవద్దు. ముఖ్యంగా చేతిరాత మీదే అయినప్పుడు.

రేవు

ఆ సాయంత్రం డి.ఇ. గారు ఇసుక మీద పుల్లతో లెక్క వేశారు.

"మెలిక పైన అయితే?"

"పదిహేను స్తంభాలు సార్."

"డబ్బు ఆ బావిలో పోసేశాం. ఇక రెండు స్తంభాలకు మించి లేదు. రెండు స్తంభాల దూరంలో మంచినీళ్ళు ఎక్కడున్నాయి?"

నేను చెప్పనక్కర్లేకపోయింది. నాలుగో కుండ ఇంకా పొగలు కక్కుతోంది.

తాగునీటి బావికి నూరు గజాల లోపల బట్టలుతకరాదు. అది నిబంధన. మంచి నిబంధనే, సబ్బునీళ్ళు బావిలోకి దిగకూడదు. ఆ బోర్డు రాయించింది నేను, పాతించింది నేను, అది పాతిన చోటు చెంగమ్మ ఉతుకుడు బండ. ముందు రోజు వెళ్ళి ఆమెతో చెప్పాను. ఆమె దుప్పటి మడత పెడుతోంది.

"నాలుగూళ్ళ నీళ్ళమ్మా. నీ రేవు కావాలి."

"తాగే నీళ్ళకాడ అడ్డమెట్ల సెప్పేది సారూ" అంది. ఆ దుప్పటి మూటలో కట్టింది.

రెండు కుటుంబాలూ దిగువకు, దక్షిణపు గట్టు కిందికి మారాయి. మా పాత బావిని దాటి, నూరు గజాల అవతలికి. నురగ రాని నీళ్ళ దగ్గరికి. ఒక సబ్బు పట్టే చోట రెండు పట్టేవి. ఉతికినందుకు ఊళ్ళవాళ్ళు ఏడాదికి కొలిచే వడ్లు మాత్రం అవే కొలతలు. పైగా బట్టలు తెల్లబడలేదని మాటలు. కొత్త బావి నీళ్ళతో అదే ఇళ్ళలో పప్పు మెత్తగా ఉడికేది. సర్పంచి గొణుగుతూనే బిల్లు కట్టేవాడు. కోదండం భార్య అతనికి మళ్ళీ వేళకు కూడు పెట్టేది. మా ఎస్టిమేటులో స్తంభాలకు గడి ఉంది, వరలకు గడి ఉంది, మోటారు తిరిగే గంటలకు గడి ఉంది. చెంగమ్మ అదనంగా కొనే సబ్బుకు గడి లేదు. ఒక నీటి పథకానికి అయిన ఖర్చెంత అని ఎవరైనా అడిగితే, కాగితం మీద లేనిది ఎవరు కట్టారో కూడా అడిగి తెలుసుకోండి.

నా వంతుగా నేనూ ఊరుకోలేదు. అదే నెలలో ట్యాంకు కింద ఒక తొట్టి కట్టించి, కుళాయి పెట్టించి, రెండు ఉతుకుడు బండలు వేయించాను.

చదివి వినిపించాను

ఇక్కడిదాకా రాసి, అచ్చుకిచ్చే ముందు చెంగమ్మకు చదివి వినిపిద్దామని వెళ్ళాను. మెచ్చుకుంటుందన్న ఆశ కూడా కొంచెం ఉంది. ఇప్పుడామె మనవడి ఇస్త్రీ అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఆకువక్క దంచుకుంటూ ఉంటుంది. కళ్ళు సరిగ్గా కనిపించవు, గొంతు మాత్రం అలాగే ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. అరికాళ్ళ దగ్గర నవ్వింది. ఆరు కుండల దగ్గర మనవణ్ణి పిలిచి, "ఇను, ఇది నిజమే" అంది.

"అయిపాయనా?"

"అయిపోయింది."

"ఏడూళ్ళను నాలుగుకు దించినావు, బాగుండాది. తొట్టి ఆ నెల్లోనే కట్టిస్తినని రాసుకున్నావే? రెండెండాకాలాలు పట్టె. నా సేతులు పుండ్లైనంక కడితివి. పోనీలే, ముసిలోడివి, నెలలూ ఏండ్లూ కలిసిపోయుంటాయి. ఆ సీసా నింపిన కాడ ఇంగొకసారి సదువు."

చదివాను.

"చెంబు నిలబెట్టి ఉన్నిందని నువ్వే రాస్తివి."

"అవును."

"మనిషి లేకుంటే బోర్లిస్తారని గూడా నువ్వే రాస్తివి."

నేను కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"చెంబుండాది. చెంబు మనిషి యాడికి పోయింది సారూ? ఆడనే నిలబడుకొనుంటి, దుప్పటి పిండతా. 'ఈ నీళ్ళు వేరే, నువ్వు తవ్వే తావు నీళ్ళు వేరే సారూ, మెలిక మిందికి పోయి తవ్వుకోండి, ఆడ గూడా ఇవే నీళ్ళుండాయి' అని సెప్తి. నువ్వు కూలోళ్ళ తట్టు తిరిగి, 'ఇంకేం, ఈమెనే ఇంజినీరును చేసేస్తే పోలా' అంటివి. అందరూ నగినారు. మెలికకు పొయ్యేదానికి అప్పుడు నీకాడ దుడ్లుండె. నగకుండా ఆ ఒక్క మాట ఇనింటే బావి ఆడ పడేది, నా రేవు నాకుండేది. నీ నాలుగూళ్ళు ఉండనీ, నీ పప్పు ఉండనీ. ముందు అది రాయి."